ముసుగు మనిషి, రెండో కృష్ణుడు

ముందు ఒక పేచీ తేల్చుకోవాలి. నేను చెప్పబోయే ఈ ముసుగు ర్యాపర్, అమెరికాలో పెరిగినవాడు, తన పేరు ఇంగ్లీషులో ఎవరు రాసినా అన్నీ పెద్దక్షరాల్లోనే రాయాలని ఒక పాటలో మరీ మరీ చెప్పాడు. అభిమానులు దీన్ని మడి పాటించినట్టు పాటిస్తారు. ఇప్పుడు మన తెలుగులో పెద్దక్షరాలు, చిన్నక్షరాలు అని లేవు కదా, ఏం చెయ్యను? ఎంఎఫ్ డూమ్ అని రాస్తున్నాను. మన అక్షరాలన్నీ పెద్దవే అనుకుని ముందుకెళ్ళండి.

నేను ఈయన్ని మొదటిసారి విన్నది 2008లో, రాజోలు నుంచి భీమవరం వెళ్ళే బస్సులో. అప్పుడు ఇంజినీరింగ్ చదువుతున్నాను, శనివారం సాయంత్రం ఇంటికి రావడం, సోమవారం తెల్లవారుజామున మళ్ళీ బస్సెక్కడం. హాస్టల్లో నా గదిలో ఉండేవాడి అన్నయ్య అమెరికాలో ఉండేవాడు, ఆయన పంపిన పాటలన్నీ నా చైనా ఫోన్లో మెమరీ కార్డులోకి ఎక్కించుకున్నాను. పేర్లు లేవు, ట్రాక్ 01, ట్రాక్ 02, అంతే. దిండి దాటి బస్సు చించినాడ వంతెన ఎక్కుతుంటే ఇయర్‌ఫోన్లో ఎవరో మగమనిషి గొంతు మొదలైంది. కింద వశిష్ఠ మీద మంచు, పక్కన ఆక్వా చెరువులకి మేత బస్తాలు తీసుకెళ్ళే వాళ్ళు నిద్రపోతూ ఉన్నారు. ర్యాప్ అంటే అప్పటికి నాకు తెలిసింది సినిమా పాట మధ్యలో నలుగురు గొలుసులేసుకుని అరిచే ముక్క. ఇతను అరవడం లేదు. మధ్యాహ్నం భోజనం చేసి మడత మంచం మీద వాలి, బుగ్గన కిళ్ళీ పెట్టుకుని, పక్కింటాయనతో ఎవరి మీదో చాడీలు చెబుతున్నట్టు ఉంది. వెనకాల ఎక్కడో అకార్డియన్ వాయిస్తున్నారు. ఒక్క ముక్క అర్థం కాలేదు. పాలకొల్లు వచ్చేదాకా అదే వింటూ కూర్చున్నాను.

ఎందుకు విన్నానో చెప్పాలంటే మా అమ్మ సంగతి చెప్పాలి.

అమ్మ 1997లో కువైట్ వెళ్ళింది, ఇంటిపనికి. అప్పుడు నాకు ఏడేళ్ళు. మా కోనసీమలో ఇది కొత్త సంగతేమీ కాదు, మా వీధిలోనే నాలుగు ఇళ్ళలో అమ్మలు లేరు. ఫోన్ చెయ్యాలంటే బోలెడు డబ్బులు, అది కూడా మెయిన్ రోడ్డు మీద ఎస్టీడీ బూత్‌లో టైము చెప్పుకుని కూర్చోవాలి. అందుకని అమ్మ క్యాసెట్లు పంపేది. అరవై నిమిషాల క్యాసెట్ రెండు వైపులా మాట్లాడి, సెలవుకి వచ్చే ఎవరో ఒకరి చేతికిచ్చి పంపేది. మా అమ్మమ్మ టేప్ రికార్డర్‌ని గూట్లో దేవుడి పక్కన పెట్టేది. "ఏరా నాన్నా, అన్నం తిన్నావా, చెరువు దగ్గరికి వెళ్ళకు, మావయ్యని విసిగించకు" ఇలా మొదలయ్యేది. వెనకాల ఏసీ రొద, ఎక్కడో గిన్నె పడిన చప్పుడు, అరబ్బు పిల్లవాడి ఏడుపు. మధ్యమధ్యలో టక్కుమని ఒక శబ్దం వచ్చేది, మళ్ళీ గొంతు మొదలయ్యేది, కొంచెం ఎక్కువ హుషారుగా. అది రికార్డింగ్ బటన్ ఆపి మళ్ళీ నొక్కిన చప్పుడని, ఏడుపొచ్చినప్పుడల్లా ఆపేసేదని నాకు పదో తరగతికి వచ్చేదాకా తెలియలేదు.

అంటే ముఖం లేకుండా గొంతుతోనే మనిషిని దగ్గర పెట్టుకోవడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. మాట అర్థం కాకపోయినా ఒక గొంతు దేన్నో పక్కకి పెట్టి మాట్లాడుతోందంటే నాకు చప్పున తెలుస్తుంది. ఆ బస్సులో జరిగింది అదే. ఈయన ఎవరు, ఏం పక్కకి పెట్టాడు అన్నది తర్వాత కాలేజీ ల్యాబ్‌లో నెట్ దొరికినప్పుడు చదువుకున్నాను.

అసలు పేరు డేనియల్ డ్యూమిలే. 1971 జూలైలో లండన్‌లో పుట్టాడు, తల్లిది ట్రినిడాడ్, తండ్రిది జింబాబ్వే. చిన్నప్పుడే కుటుంబం న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలాండ్‌కి వెళ్ళిపోయింది. తమ్ముడు ఉండేవాడు, డింగిలిజ్వే, స్టేజీ పేరు డీజే సబ్‌రాక్. అన్నదమ్ములిద్దరూ ఇంకొక కుర్రాణ్ణి కలుపుకుని కేఎమ్‌డీ అని ఒక గ్రూపు పెట్టారు. అప్పుడు మన వాడి పేరు జెవ్ లవ్ ఎక్స్. ముసుగూ లేదు, విలనూ లేడు, పల్చగా, నవ్వు ముఖంతో, వీధిలో పిల్లల్ని పోగేసి ఆటలాడించే అన్నయ్యలా ఉండేవాడు. 1989లో థర్డ్ బేస్ అనే గ్రూపు పాటలో ఒక చరణం పాడి జనానికి పరిచయమయ్యాడు. ఎలెక్ట్రా అనే పెద్ద కంపెనీ వీళ్ళని తీసుకుంది, 1991లో మొదటి ఆల్బం 'మిస్టర్ హుడ్' వచ్చింది. అది వింటే ఇప్పటికీ నవ్వొస్తుంది. భాష నేర్పే రికార్డుల్లోంచి ఒక తెల్లాయన గొంతు ముక్కలు కోసి, ఆయన వీళ్ళ పేటలోకి వచ్చి మాట్లాడుతున్నట్టు అతికించారు. అంత అల్లరి.

రెండో ఆల్బం చేస్తుండగా, 1993 ఏప్రిల్లో, తమ్ముడు రోడ్డు దాటబోయి కారు కింద పడి చనిపోయాడు. మిగిలిన పని అన్న ఒక్కడే పూర్తి చేశాడు. కొన్ని పాటల్లో చనిపోయిన తమ్ముడి గొంతు ఉంటుంది, దాన్ని రోజూ వింటూ, సౌండ్ సరిచేస్తూ, ముందుకీ వెనక్కీ తిప్పుతూ. ఈ సంగతి చదివిన రోజు నేను ల్యాబ్‌లోంచి లేచి బయటికి వచ్చేశాను, అందులో నాకు తెలియనిదేం లేదు మరి. ఇంతా చేశాక 1994లో, రేపో మాపో విడుదల అనగా, కంపెనీ ఆ ఆల్బంని ఆపేసి వీళ్ళని వదిలించుకుంది. అట్ట మీద బొమ్మ గొడవ. నల్లవాళ్ళని వెక్కిరించడానికి తెల్లవాళ్ళు పూర్వం గీసిన ఒక కార్టూన్ బొమ్మ ఉంటుంది, ఆ బొమ్మకి ఉరి వేస్తున్నట్టు వీళ్ళు గీశారు. అంటే ఆ వెక్కిరింపుని చంపేస్తున్నామని వీళ్ళ ఉద్దేశం. పత్రికలో ఎవరో తప్పు పట్టారు, కంపెనీ భయపడింది, అంతే.

తమ్ముడు లేడు, ఆల్బం లేదు, కంపెనీ లేదు. మనిషికి ఇరవై మూడేళ్ళు కూడా నిండలేదు. ఆ తర్వాత మూడేళ్ళు ఎవరికీ కనబడలేదు, ఇల్లూ వాకిలీ సరిగ్గా లేకుండా న్యూయార్క్ వీధుల్లో తిరిగాడని, కొన్ని రాత్రులు బెంచీల మీద పడుకున్నాడని తర్వాత తనే చెప్పుకున్నాడు.

తిరిగొచ్చినప్పుడు ముఖానికి ఆడవాళ్ళ మేజోడు చుట్టుకుని వచ్చాడు. మన్‌హాటన్‌లో న్యూయోరికన్ పోయెట్స్ కేఫ్ అని కవులు, పాటగాళ్ళు ఎవరైనా ఎక్కి చదివే చోటు ఒకటుంది, 1997 ప్రాంతాల్లో అక్కడ ఎవరో ముఖం కనబడని మనిషి మైకు పట్టుకున్నాడు. తర్వాత మేజోడు పోయి ముసుగు వచ్చింది. మొదటి ముసుగు పిల్లల బొమ్మల దుకాణంలో దొరికే ప్లాస్టిక్ ముసుగే, దానికి వెండిరంగు స్ప్రే కొట్టారు. ఇది చదివినప్పుడు నాకు మా నాటకాల డ్రెస్ కంపెనీ వాళ్ళ అట్ట కిరీటాలు గుర్తొచ్చి తెగ నవ్వుకున్నాను, ఆ సంగతి కిందకి చెబుతాను. లోహపు ముసుగు తర్వాత వచ్చింది, రోమన్ యోధుల సినిమా శిరస్త్రాణం నకలులోంచి చేయించుకున్నది.

పేరేమో మార్వెల్ కామిక్స్‌లో డాక్టర్ డూమ్ అనే విలన్ నుంచి. ముఖం పాడైపోయి, ఇనుప ముసుగు తొడుక్కుని, లోకం మీద కక్ష పెట్టుకున్నవాడు. ఇంటిపేరు డ్యూమిలేలో కూడా ఆ చప్పుడే ఉంది, చిన్నప్పుడు అలాగే పిలిచేవారట. ఎంఎఫ్ అంటే మెటల్ ఫేస్, తనే బీట్లు, అంటే మాటల వెనక వచ్చే సంగీతం, కట్టుకునేటప్పుడు మెటల్ ఫింగర్స్. 1999లో 'ఆపరేషన్: డూమ్స్‌డే' వచ్చింది, చిన్న కంపెనీ, తక్కువ కాపీలు. పాత కార్టూన్లలో డాక్టర్ డూమ్ డైలాగులు కోసి మధ్యలో అతికించాడు. అల్లరి అదే, మనిషి మారాడు. గొంతు బొంగురుపోయింది, వేగం తగ్గింది. తన గురించి తను "వాడు" అని మాట్లాడతాడు, విలన్ ఇలా చేశాడు, విలన్ అలా వెళ్ళాడు అని. ఆ ఆల్బంలో తమ్ముడి ప్రస్తావన వస్తుంది, కానీ వచ్చినంత సేపు కూడా ఉండదు, వెంటనే ఏదో జోకు. అక్కడ నాకు టక్కుమని బటన్ చప్పుడు వినిపిస్తుంది.

విలన్ని ఇంత నెత్తిన పెట్టుకోవడం అమెరికా వాళ్ళకి వింతేమో గానీ మన వైపు కాదు. మా ఊళ్ళో సుబ్రహ్మణ్య షష్ఠి తీర్థానికి రాత్రంతా నాటకం ఉండేది. ధర్మరాజు వేషం వేసినవాడు ఎవరో ఎవరికీ గుర్తుండదు, దుర్యోధనుడు మాత్రం గుర్తుంటాడు. ఆయన గద భుజాన వేసుకుని వచ్చి ఒక పద్యం ఎత్తుకుంటే, రాగం అలా లాగి లాగి వదిలితే, వెనకాల కొబ్బరి చెట్ల కింద నిలబడ్డవాళ్ళు కూడా వన్స్ మోర్ అని అరిచేవాళ్ళు. వన్స్ మోర్ వస్తే పాండవుల సంగతి కాసేపు ఆపి మళ్ళీ అదే పద్యం మొదటి నుంచి పాడాల్సిందే. చెడ్డవాడు బాగా పాడితే వాడిదే రాత్రి. డూమ్‌కి ఇది తెలియకపోయినా తెలిసినట్టే చేశాడు.

మా మావయ్య నాటకాలాడేవాడు. పగలు అంబాజీపేట మార్కెట్లో కొబ్బరికాయల లెక్కలు, రాత్రి శ్రీకృష్ణుడు. ఆయన దగ్గరే పెరిగాను కాబట్టి పద్యం ఎలా నిలబడుతుందో చెవికి కాస్త తెలుసు. అందుకే డూమ్ మాటలు కొంచెం కొంచెం అర్థమవడం మొదలయ్యాక నాకు ఒకటి తట్టింది. మన పద్యంలో ప్రాస హల్లు మీద నడుస్తుంది కదా, ప్రతి పాదంలో రెండో అక్షరం దగ్గర అదే హల్లు రావాలి. వీళ్ళది అచ్చుల మీద నడుస్తుంది. డూమ్ ఒక పాదంలో ఆరేడు అక్షరాల అచ్చుల వరుస వేస్తాడు, కింది పాదంలో పూర్తిగా వేరే మాటలతో, వేరే అర్థంతో అదే వరుస మళ్ళీ వేస్తాడు, దాని కింద మళ్ళీ. మామూలు ర్యాపర్లు పాదం చివర ఒక్క ముక్క కలిపి చప్పట్లు కొట్టించుకుంటారు, ఈయన పాదం మొత్తాన్ని కలుపుతాడు, కలిపినట్టు కూడా కనబడనివ్వడు. ఎక్కడ విరుస్తాడో తెలియదు. మనకి అలవాటైన చోట ఆగడు, ఇంకో రెండు మాటలు తోసుకుని వెళ్ళి అక్కడ ఆగుతాడు. ఇప్పటి స్టార్ ర్యాపర్లలో సగం మంది ఇంత కష్టం పడరని నా అభిప్రాయం, ఎవరికైనా కోపం వస్తే రానివ్వండి.

2003, 2004 ఈయనకి ఊపిరాడని సంవత్సరాలు. పేరు కూడా ఒకటి చాల్లేదు. మూడు తలల రాక్షసి సినిమా నుంచి కింగ్ గీడోరా అని ఒక ఆల్బం, విక్టర్ వాన్ అని కుర్ర విలన్‌గా ఇంకొకటి. ఒకే మనిషి వేషాలు మార్చుకుంటూ నాలుగు గుడారాల్లో ఆడినట్టు. ఇవన్నీ ఒక ఎత్తు, 'మ్యాడ్‌విలనీ' ఒక ఎత్తు.

నేను బస్సులో విన్నది అదే. 2004 మార్చిలో స్టోన్స్ త్రో అనే లాస్ ఏంజెలెస్ కంపెనీ నుంచి వచ్చింది. బీట్లు మ్యాడ్‌లిబ్ అనే ఆయనవి, ఆయనా మనుషుల్లో తిరిగే రకం కాదు. ఈ ఆల్బంలో చాలా బీట్లు ఆయన బ్రెజిల్ వెళ్ళినప్పుడు హోటల్ గదిలో కూర్చుని, వెంట తీసుకెళ్ళిన చిన్న టర్న్‌టేబుల్, పాటల ముక్కలు కోసి అతికించే శాంప్లరు ఒకటి, క్యాసెట్ డెక్కు పెట్టుకుని, అక్కడ కొన్న పాత రికార్డుల్లోంచి చేశాడు. పెద్ద స్టూడియో లేదు. క్యాసెట్ డెక్కు అన్న మాట చదివి నేను ఒక నిమిషం ఆగాను, ఎందుకో మీకు తెలుసు. తీరా సగం పని అయ్యాక, ఇంకా విడుదలకి ఏడాదికి పైగా ఉండగానే, ఆ సగం ఆల్బం ఎవరో దొంగిలించి ఇంటర్నెట్‌లో పెట్టేశారు. ఇద్దరికీ మనసు విరిగి పక్కన పడేశారు. మళ్ళీ మొదలుపెట్టినప్పుడు డూమ్ తన గొంతు మొత్తం మళ్ళీ రికార్డ్ చేశాడు. దొంగిలించిన దాంట్లో గొంతు హుషారుగా, పైస్థాయిలో ఉంటుంది, అసలు ఆల్బంలో కిందకి దించేశాడు, తొందర లేదు. రెండూ పక్కపక్కన వింటే తెలుస్తుంది, ఆ దొంగ మనకి మేలే చేశాడు. మొత్తం 22 ముక్కలు, 46 నిమిషాలు, పల్లవులు దాదాపు లేవు, కొన్ని ముక్కలు నిమిషంన్నరకే అయిపోతాయి. ఇంకాస్త ఉంటే బావుండు అనుకునేలోగా తలుపేసేస్తారు. రాజోలులో మొదలుపెడితే ఇంచుమించు పాలకొల్లు బస్టాండుకి అయిపోయేది, గేటు పడితే తప్ప. అట్ట మీద నలుపు తెలుపులో ముసుగు ముఖం, పైమూల చిన్న నారింజరంగు చతురస్రం, అంతే.

అదే ఏడాది చివర్లో 'ఎంఎం..ఫుడ్'. తన పేరులోని అక్షరాలే అటూ ఇటూ మార్చాడు. పాటల పేర్లు దాదాపు అన్నీ తిండి పేర్లు. దీన్ని మన వాళ్ళెవరైనా చేస్తే పూతరేకులు, పనసపొట్టు, పులస పులుసు అని ఎప్పుడో చేసి ఉండాలి, తిండి గురించి ఇంత మాట్లాడే జిల్లాలో ఒక్క ర్యాప్ ఆల్బం లేకపోవడం సిగ్గుచేటు.

సరే, ఇప్పుడు అసలు గొడవ. 2007 నుంచి డూమ్ షోలకి వెళ్ళినవాళ్ళకి అనుమానం రావడం మొదలైంది. ముసుగు ఉంది, కానీ లోపలి మనిషి సన్నగా ఉన్నాడు, లేదా పొట్ట తగ్గింది, పెదాలు పాటకి సరిగ్గా కలవడం లేదు. ఈయన తన బదులు వేరేవాళ్ళకి ముసుగు తొడిగి పంపుతున్నాడు. జనం ఈలలు వేశారు, డబ్బులు వెనక్కివ్వమన్నారు. కామిక్స్‌లో డాక్టర్ డూమ్ తన బదులు రోబోల్ని పంపుతాడు, వాటి పేరే వీళ్ళకి పెట్టారు, డూమ్‌బాట్లు అని. ఆయన్ని అడిగితే క్షమాపణ చెప్పలేదు. నేను రచయితని, దర్శకుణ్ణి కూడా, ఏ పాత్రకి ఎవర్ని పెట్టాలో నా ఇష్టం అన్నట్టు మాట్లాడాడు.

ఇక్కడ మా మావయ్య సంగతి. మన పద్యనాటకాల్లో ఒక రాత్రికి ఒకే కృష్ణుడు ఉండడు. తెల్లవార్లూ ఒకే గొంతు పాడలేదు కాబట్టి మొదటి కృష్ణుడు, రెండో కృష్ణుడు అని ఉంటారు. హరిశ్చంద్ర అయితే కాటిసీనుకి ప్రత్యేకంగా వేరే హరిశ్చంద్రుడు వస్తాడు. మైకులో చెబుతారు, కరపత్రంలో వేస్తారు. జనం ఒక దేవుడు లోపలికి వెళ్ళి వేరే దేవుడై బయటికి వస్తే ఏమీ అనుకోరు, అదే కిరీటం, అదే నీలం రంగు, గొంతు మాత్రం వేరు. మా మావయ్య ఎప్పుడూ రెండో కృష్ణుడే. పేరున్న మొదటి కృష్ణుడు తన పద్యాలు పాడేసి, వన్స్ మోర్లు పుచ్చుకుని, రంగు తుడుచుకుని కారెక్కి వెళ్ళిపోయాక, రాత్రి రెండింటికి, సగం మంది చాపల మీద నిద్రపోతుండగా ఈయన వచ్చేవాడు. కిరీటం ఇంకా అవతలాయన చెమటతో తడిగా ఉండేదట.

కాబట్టి డూమ్ చేసింది నాకు వింతగా అనిపించలేదు గానీ, ఒప్పని మాత్రం అనను. మా దగ్గర కరపత్రంలో ఉంటుంది. అక్కడ టికెట్ కొన్నవాడికి చెప్పలేదు. పైగా మా రెండో కృష్ణుడు పాడతాడు, డూమ్ పంపినవాడు పెదాలు కదిపాడు. ముసుగు గురించి ఆయన చెప్పుకునే మాట ఒకటుంది, ముఖం చూడకండి, మాటలు వినండి అని. అది మంచి మాట. ఆ మాట మీద నిలబడాల్సింది ముందు ఆయనే.

2010లో దెబ్బ వేరే వైపు నుంచి వచ్చింది. యూరప్‌లో షోలు చేసుకుని తిరిగి వెళ్తుంటే అమెరికా లోపలికి రానివ్వలేదు. చిన్నప్పటి నుంచీ అక్కడే పెరిగాడు, తమ్ముణ్ణి పోగొట్టుకుంది అక్కడే, భార్యాపిల్లలు అక్కడ, కానీ పౌరసత్వం తీసుకోలేదు, కాగితాల ప్రకారం లండన్ మనిషి. పుట్టాడన్న మాటే గానీ తనకి తెలియని దేశంలో ఉండిపోయాడు. కుటుంబం వెళ్ళి కలుసుకునేదాకా దాదాపు రెండేళ్ళు వేరుగా ఉన్నారు.

దీన్ని సంగీతం పత్రికల్లో చిన్న వార్తగా రాస్తారు. మా వైపు ఎవరికి చెప్పినా చిన్నది కాదు. అమ్మ మొదట పనికి కుదిరిన ఇంట్లో జీతం సరిగ్గా ఇవ్వకపోతే బయటికి వచ్చేసింది, పాస్‌పోర్ట్ ఆ ఇంట్లోనే ఉండిపోయింది. ఇలాంటి వాళ్ళని అక్కడ మనవాళ్ళు ఖల్లివల్లి అంటారు, నవ్వుతూనే అంటారు. దొరికితే జైలు, దొరక్కపోతే పని, ఇంటికి మాత్రం రాలేదు. కువైట్ వాళ్ళు క్షమాభిక్ష ప్రకటించిన ఏడాది వచ్చింది, పధ్నాలుగేళ్ళ తర్వాత, 2011లో. హైదరాబాద్ ఎయిర్‌పోర్ట్ బయట నిలబడ్డాను, ఒకావిడ ట్రాలీ తోసుకుంటూ నా ముందు నుంచి వెళ్ళిపోయింది, నేను ఇంకా తలుపు వైపే చూస్తున్నాను. వెనక నుంచి "ఏరా నాన్నా" అని వినబడింది. అప్పుడు తిరిగాను.

ఇంగ్లండ్‌లో డూమ్ పని ఆపలేదు. 2012లో జనీరో జారెల్ అనే బీట్‌మేకర్‌తో ఒకటి, 2014లో బిషప్ నెహ్రూ అనే పద్దెనిమిదేళ్ళ కుర్రాడితో 'నెహ్రూవియన్‌డూమ్' అని ఒకటి. ఆ నెహ్రూ మన నెహ్రూయే, కుర్రాడు ఆ పేరు ఇష్టపడి పెట్టుకున్నాడు. బావున్నాయి, 'మ్యాడ్‌విలనీ' కావు. 2017లో పద్నాలుగేళ్ళ కొడుకు చనిపోయాడు. ఆ సంగతి ఆయనే రెండు ముక్కల్లో చెప్పి ఊరుకున్నాడు.

2020 డిసెంబర్ 31 రాత్రి నేను ఇంట్లోనే ఉన్నాను, కోవిడ్ కాబట్టి ఆఫీసు పని కూడా ఊరి నుంచే. బయట పిల్లలు రంగులతో హ్యాపీ న్యూ ఇయర్ అని ముగ్గు వేస్తున్నారు, చర్చి మైకులో ఆరాధన పాటలు మొదలయ్యాయి. అర్ధరాత్రి దాటాక ఎప్పుడో ఫోన్లో చూస్తే డూమ్ చనిపోయాడని ఆయన భార్య పెట్టిన మాట. చనిపోయింది ఆ రోజు కాదు, అక్టోబర్ 31న, లీడ్స్‌లో. వయసు 49. బీపీకి ఇచ్చిన మందు పడక అలా జరిగిందని చాలా కాలం తర్వాత విచారణలో తేలింది. రెండు నెలలు ఇంట్లోవాళ్ళు తప్ప లోకంలో ఎవరికీ తెలియదు. ఈ కాలంలో, అంత పేరున్న మనిషి, రెండు నెలలు! చాలామంది అభిమానులు మొదట నమ్మలేదు, ఇది కూడా ఏదో విలన్ వేషమే అనుకున్నారు. నేను నమ్మాను. ఏడుపొచ్చినప్పుడు ఆపేయడం ఆ ఇంట్లో అందరికీ వచ్చన్నమాట అనుకున్నాను.

మొన్న కనుమ రోజు మావయ్య ఇంటికి వచ్చాడు. ఇప్పుడు డెబ్బై దాటాయి, గొంతు పోయింది, మాట కూడా గాలిలా వస్తుంది. భోజనాలయ్యాక అరుగు మీద కూర్చోబెట్టి చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టి 'మ్యాడ్‌విలనీ' వేశాను. కళ్ళు మూసుకుని కుర్చీ చెయ్యి మీద తాళం వేస్తూ మూడు ముక్కలు విన్నాడు. రెండుసార్లు తాళం తప్పాడు, తప్పిన చోట తల ఊపాడు.

"హార్మోనియం ఎవర్రా?" అన్నాడు తీసేసి.

హార్మోనియం కాదు మావయ్యా అని మొత్తం కథ చెప్పాను. తమ్ముడు, ముసుగు, బ్రెజిల్, అన్నీ. మధ్యలో అమ్మ వచ్చి పొంగడాలు పెట్టి, "ఇంకా ఆ గొణిగేవాడేనా" అనేసి వెళ్ళింది. తన బదులు వేరేవాళ్ళని స్టేజీ ఎక్కించిన దగ్గరికి వచ్చేసరికి మావయ్య ముందుకి వంగాడు. జనం తిట్టారని చెప్పాను, ఆయనేం సమాధానం చెప్పాడో కూడా చెప్పాను. అదేమీ ఆయనకి పట్టలేదు.

"అది సరే అల్లుడూ, ఆ రెండోవాడికి ఎంతిచ్చేవాడు?"

"ఏమో మావయ్యా."

"ఇంత చదివావు, అది చూళ్ళేదా?" అని పొంగడం విరిచి నోట్లో వేసుకున్నాడు. కాసేపటికి మళ్ళీ తనే అన్నాడు, "మొదటి కృష్ణుడికి మూడొందలు ఇచ్చేవారు. నాకు ఎనభై. రిక్షా డబ్బులు నావే."